ఊరు నవ్వని మూడో ఓటమి

“ఏడాది తిరిగేలోగా ఈ నగరం మీద పొగ ఉండదు. ఇది రాజు మాట. రాయి అరిగినా మాట అరగదు.”

ఈ మాటలు అంగారపురి కోటగుమ్మం పక్కన తెల్లరాతి మీద చెక్కి ఉండేవి. చెక్కించినవాడు దీపసేన మహారాజు. ఏడేళ్ళు గడిచాయి. రాయి అరగలేదు. పొగా పోలేదు. చెక్కిన అక్షరాల్లో మసి పేరుకుని, మాట మాత్రం కనపడకుండా పోయింది.

కథ అన్నాక అనగనగా అనాలి కనుక, అనగనగా ఒక రాతిగుట్ట. గుట్ట మీద నగరం, గుట్ట కింద ఏరు. ఏటి నీళ్ళు గుట్టెక్కితేనే ఊరికి గొంతు తడుస్తుంది. అందుకోసం ఊరి నడుమ ఒక మహాకొలిమి ఉండేది. దానికి మూడు పొయ్యిలు. పొయ్యిల్లో బొగ్గు మండితే ఆవిరి పుట్టేది. ఆవిరి ఒక చక్రాన్ని తిప్పేది. చక్రం తిరిగితే మట్టిబానల గొలుసు ఒకటి ఏట్లో మునిగి, నీళ్ళు నింపుకుని, పైకి వచ్చేది.

నీళ్ళతో పాటు పొగ కూడా వచ్చేది. ఆ ఊళ్ళో ఆరేసిన చీర సాయంత్రానికి రంగు మారేది. ఆ ఊరి కొంగలు నల్లగా ఉండేవి. కాకులు వాటిని తమ చుట్టాలనుకుని పెళ్ళిళ్ళకు పిలిచేవి.

మరి రాజు ఎందుకు మాట తప్పాడు? చెడ్డవాడు కాబట్టి కాదు. భయపడ్డాడు కాబట్టి.

అంగారపురిలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా కొత్త పని తలపెట్టి అందులో ఓడిపోతే, డప్పు బసవయ్య వచ్చి ముమ్మారు డప్పు కొట్టి, “ఊరు నవ్విందా?” అని అడుగుతాడు. ఊరు నవ్వితేనే అది ఓటమి. నవ్విందా, ఇక ఓడినవాడి ముఖాన మసి పూస్తారు. విరిగిన వస్తువును నగుబాటు మండపంలో పేరు రాసి వేలాడదీస్తారు. మూడుసార్లు నవ్వులపాలైతే వాడి పనిముట్టు కూడా మండపానికే. ఇక ఆ పని వాడు జన్మలో చేయకూడదు.

రాజు మాట ఇచ్చిన ఏడాది ముగ్గురు పనివాళ్ళు గాలితో తిరిగే చక్రాలు చేశారు. వడ్రంగి కామాచారి చెక్క రెక్కలు పెట్టాడు. నేతగాడు తిప్పయ్య బట్ట రెక్కలు కట్టాడు. కమ్మరి మౌనేశు ఇనుప రేకులు బిగించాడు. మూడింటినీ గుట్ట వారన, ఏటి ఒడ్డున, రెండు కొండల నడుమ ఉన్న గాలికనుమకు మోసుకెళ్ళారు. ఒకటి విరిగింది. ఒకటి చిరిగింది. ఒకటి వంగింది. ఊరు ముమ్మారు పకపకా నవ్వింది. ముగ్గురు మొనగాళ్ళు మసి ముఖాలతో ఇళ్ళకు వెళ్ళి తలుపులు వేసుకున్నారు.

ఆ నవ్వు రాజు చెవిన పడింది. “నాలుగోది కూడా విరిగితే నా మాటనే మండపంలో వేలాడదీస్తారేమో” అనుకున్నాడు. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా, “తగిన సమయం రావాలి” అనేవాడు.

పిల్లలూ, ఆ తగిన సమయం ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. ఏడేళ్ళుగా దాని కోసం ఎదురుచూసినవాళ్ళంతా దగ్గుతూ ఎదురుచూశారు. ఊపిరి ఎవరి దయాభిక్షమూ కాదు, అది అందరి హక్కు అని ఆ ఊళ్ళో ఒక్కరూ గట్టిగా అనలేదు. అనబోతే దగ్గు వచ్చేది.

ఆ ఊళ్ళో ఓబులమ్మ అనే మేదరి ఆమె ఉండేది. వెదురు చీల్చి బుట్టలు, చేటలు, తడికలు అల్లడం ఆమె పని. ఆమె భర్త సుంకన్న కొలిమిలో బొగ్గు ఎగదోసేవాడు. ఆ ఏడు అతని దగ్గు ఎండాకాలం వచ్చినా తగ్గలేదు. వైద్యుడు నాడి చూసి, ఓబులమ్మను పక్కకు పిలిచి చెప్పాడు. “ఇంకో రెండు వానాకాలాలు ఆ పొయ్యి ముందు నిలబడితే మూడోది చూడడమ్మా.”

ఓబులమ్మ ఇంటికి వచ్చి, “ఆ పని మానెయ్యరాదా మామా” అంది.

“మానేస్తే నీళ్ళు పైకి ఎట్ల వస్తాయే? నువ్వు చేటతో చేదుతావా?” అన్నాడు సుంకన్న. నవ్వబోయాడు, దగ్గు వచ్చింది.

“చేటతో నీళ్ళు చేదలేను. గాలిని పట్టగలను” అంది ఓబులమ్మ.

మాట అయితే అనేసింది గానీ, ఎలా పట్టాలో ఆమెకూ తెలియదు.

నగుబాటు మండపానికి మసి మోసే బుట్టలు ఓబులమ్మే అల్లి ఇచ్చేది. మర్నాడు బుట్టలు దింపడానికి వెళ్ళి తల పైకెత్తింది. మూడు చక్రాలూ అక్కడే వేలాడుతున్నాయి. నవ్వడానికి వాటిని అందరూ చూశారు. చూడటానికి ఎవరూ చూడలేదు. ఓబులమ్మ బుట్ట బోర్లించి, దాని మీద ఎక్కి, ఒక్కొక్క ఇరుసూ వేలితో తడిమింది.

ఇరుసుల మీద గీత కూడా లేదు. అరుగుదల లేదు. అంటే ఆ చక్రాలు మండపానికి రాకముందు సరిగా తిరిగిందే లేదు.

ఆమె నేరుగా వడ్రంగి ఇంటికి వెళ్ళింది.

“కామాచారన్నా, నీ చక్రాన్ని కనుమకు తీసుకుపోక ముందు ఎక్కడ తిప్పి చూశావు?”

“మా పెరట్లో. తలుపు గడియ పెట్టి.”

“గడియ ఎందుకు?”

“ఎవరైనా చూస్తే? విరిగితే?”

“పెరట్లో గాలి ఉందా?”

కామాచారి పెరటి వైపు చూశాడు.

నేతగాడిని అడిగితే, “ఇంట్లోనే, విసనకర్రతో విసిరి చూశాను” అన్నాడు. కమ్మరిని అడిగితే, “కొట్టంలో, కొలిమితిత్తి ఊది” అన్నాడు.

ఓబులమ్మ వీధిలో నిలబడిపోయింది. ముగ్గురూ పని తెలిసినవాళ్ళే. ముగ్గురూ విరుగుతుందేమోనని భయపడి గాలి లేని చోట దాక్కుని చూసుకున్నారు. వాళ్ళ చక్రాలకు అసలు గాలి తగిలింది ఊరంతా చూస్తున్న ఆ మొదటి రోజునే. విరక్క ఏం చేస్తాయి?

ఆమె రాజసభకు వెళ్ళింది. రాజు పక్కన బొగ్గుల వర్తకుడు శరభయ్య కూర్చుని ఉన్నాడు. కొలిమికి బొగ్గంతా అతనిదే. అతని మాట బెల్లప్పాకంలా ఉంటుంది.

“మహారాజా, గాలికనుమ దగ్గర నాకు ఒక జాగా ఇప్పించండి. చక్రం కడతాను. మొదటి పుల్ల నుంచి అందరి ముందే కడతాను” అంది ఓబులమ్మ.

“అందరి ముందా? ముందు ఇంట్లో కట్టుకుని, బాగా కుదిరాక చూపించవచ్చు కదా?” అన్నాడు రాజు.

“ఇంట్లోకి గాలి రాదు మహారాజా.”

శరభయ్య చిరునవ్వు నవ్వాడు. “అమ్మా ఓబులమ్మా, నీ ధైర్యం గొప్పది. కానీ మూడుసార్లు ఓడితే ఆచారం తెలుసు కదా? నీ మేదరి కత్తి మండపానికి పోతుంది. కత్తి పోయాక బుట్టలు పళ్ళతో అల్లుతావా తల్లీ?”

సభ నవ్వింది. ఓబులమ్మ మొలలో ఉన్న కత్తిని తడుముకుంది. అది ఆమె తల్లి ఇచ్చిన కత్తి. దాని మీదే ఇల్లు గడుస్తోంది. సుంకన్న కొలిమి మానేస్తే ఇక మిగిలేది ఆ కత్తి ఒక్కటే.

“తెలుసు. జాగా ఇప్పించండి” అంది.

రాజు అటూ ఇటూ చూసి, జాగా ఇచ్చాడు. జాగా ఇవ్వడంలో ఓడిపోయేది ఏమీ లేదు కదా.

ఓబులమ్మ వెళ్ళి డప్పు బసవయ్యను పిలిచింది. “ఊళ్ళో చాటింపు వెయ్యి అన్నా. ఎల్లుండి పొద్దున గాలికనుమ దగ్గర ఓబులమ్మ చక్రం విరగబోతోంది. అందరూ రావాలి.”

బసవయ్య డప్పు దించాడు. “విరగబోతోందనా? తిరగబోతోందనా?”

“విరగబోతోందనే. మొదటిసారి ఏది విరగలేదు చెప్పు? ఎక్కడ విరుగుతుందో నాకు తెలియాలి. నాకు రెండు కళ్ళే. ఊరికి వేల కళ్ళు.”

నలభై ఏళ్ళుగా డప్పు కొడుతున్న బసవయ్య అలాంటి చాటింపు ఎప్పుడూ వేయలేదు. వేశాడు.

ఊరు ఊరంతా వచ్చింది. ఓబులమ్మ అల్లిన బుట్టల్లోనే మసి నింపుకుని మరీ వచ్చింది. ఆమె చక్రానికి గట్టిగా అల్లిన వెదురు తడికలు రెక్కలుగా కట్టింది. కనుమలో గాలి లేచింది. చక్రం పదిసార్లు తిరిగింది. పదకొండోసారి రెక్క ఫెళ్ళున విరిగి ఏట్లో పడింది.

బసవయ్య డప్పు కొట్టాడు. “ఊరు నవ్విందా?”

ఊరు కడుపు పట్టుకుని నవ్వింది. ఓబులమ్మ ముఖాన మసి పూశారు. పూసినవాళ్ళు వెళ్ళబోతుంటే ఆమె విరిగిన రెక్కను ఏట్లోంచి తీసుకొచ్చి పైకెత్తింది.

“నవ్వడం అయిపోయింది కదా. ఇప్పుడు చెప్పండి. ఎక్కడ విరిగింది?”

జనం తెల్లబోయారు. ఓడినవాళ్ళు తల దించుకోవడం వాళ్ళకు తెలుసు. ప్రశ్న అడగడం తెలియదు. కాసేపటికి వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. “మొదట్లో. ఇరుసుకు తగిలించిన చోట. నాదీ అక్కడే విరిగింది.”

వడ్రంగి కామాచారి. ఏడేళ్ళ తర్వాత తన చక్రం గురించి అతను నలుగురిలో అన్న మొదటి మాట అది.

“రెక్క గాలిని పూర్తిగా ఆపుతోంది. గాలి ఊరుకుంటుందా? తోసేస్తుంది” అన్నాడు నేతగాడు తిప్పయ్య. “నా బట్టనూ అట్లాగే చింపేసింది.”

ఓబులమ్మ మసి ముఖంతోనే ఆలోచించింది. పెనుగాలికి ఇంటి గోడలు కూలాయి గానీ, సందులున్న తడిక దడి ఎప్పుడూ కూలలేదు. గాలిలో కొంత పట్టుకుని, కొంత పోనివ్వాలి.

ఆ సాయంత్రం ఆమె బద్దలు చీలుస్తుంటే చేతులు వణకడం సుంకన్న చూశాడు.

“భయంగా ఉందా?”

“ఉంది.”

“మరి?”

“వణికే చేతులతో కూడా బద్ద చీలుతుంది మామా. మెల్లగా చీలుతుంది, అంతే.”

సుంకన్న పక్కన కూర్చుని చీలిన బద్దలు అందివ్వడం మొదలుపెట్టాడు.

పది రోజుల తర్వాత రెండో చాటింపు. ఈసారి రెక్కలు జల్లెడలా సందులు వదిలి అల్లినవి. బిగింపు కామాచారి చేసింది. అల్లిక అంచులకు తిప్పయ్య నూలుతాడు చుట్టాడు. గాలి లేచింది. రెక్కలు విరగలేదు. చక్రం గిరగిరా తిరిగింది. దానికి తగిలించిన కొత్త బానల గొలుసు కదిలింది. మొదటి బాన నీళ్ళతో సగం దూరం వచ్చింది. అంతలో ఇరుసు కీచుమని అరిచింది, పొగలు కక్కింది, రెండుగా చీలింది. బానలన్నీ ఏట్లో పడ్డాయి.

“పొగ లేని చక్రం అన్నారు, దీనికీ పొగ వచ్చిందే” అన్నాడు శరభయ్య. జనం నవ్వారు.

“ఊరు నవ్విందా?” అడిగాడు బసవయ్య. నవ్వింది. కానీ సగం ఊరే నవ్వింది. మిగతా సగం ఇరుసు చుట్టూ మూగి ఉంది.

ఓబులమ్మ ముఖాన రెండోసారి మసి పడింది. ఆమె ముఖం తుడుచుకోకముందే కమ్మరి మౌనేశు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

“కొయ్య మీద కొయ్య రాసుకుంటే కాలక ఏం చేస్తుంది? ఇనుప పట్టా వెయ్యాలి, ఆముదం పొయ్యాలి. నన్ను అడిగి ఉంటే చెప్పేవాణ్ణి కదమ్మా.”

“నువ్వు మళ్ళీ తలుపు వేసుకున్నావు అన్నా, ఎట్ల అడిగేది?” అంది ఓబులమ్మ.

మౌనేశు నవ్వేశాడు. పట్టా మర్నాటికే సిద్ధమైంది.

మూడో చాటింపు వేసేటప్పుడు బసవయ్య గొంతు తగ్గింది. ఇది చివరిది. కత్తి పోయే చాటింపు. శరభయ్య ఇల్లిల్లూ తిరిగి తీయగా చెప్పి వచ్చాడు. “నాకేం, రేపు కొలిమి ఆపేయమంటే ఆపేస్తాను. కానీ ఆ చక్రం ఆగితే మీ పిల్లలకు గాలిని తాగిస్తారా? ఆలోచించుకోండి.”

ఆ పొద్దున కొలిమి ఆపారు, చక్రం తిరిగింది. రెక్క విరగలేదు. ఇరుసు కాలలేదు. బానలు ఒకదాని వెనక ఒకటి గుట్టెక్కి, పైనున్న ఊరి తొట్టిలో నీళ్ళు కుమ్మరించాయి. తొట్టి నిండింది. పొంగింది. పొంగిన నీళ్ళు వీధికాలువలో పడి, గుట్ట దిగి, మళ్ళీ ఏట్లో కలిసిపోయాయి. పిల్లలు కాగితం పడవలు వదిలారు. రాజు కూడా మేడ దిగి వచ్చి చూశాడు.

మధ్యాహ్నానికి గాలి పడిపోయింది.

చక్రం మెల్లగా తిరిగి, ఇంకా మెల్లగా తిరిగి, ఆగింది. బానలు గొలుసుకు వేలాడుతూ ఉండిపోయాయి. ఉన్న తొట్టెడు నీళ్ళూ సాయంత్రం కాకముందే అయిపోయాయి. బిందెలు పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు ఖాళీ తొట్టి చుట్టూ నిలబడ్డారు.

శరభయ్య చేతులు కట్టుకుని రాజు వైపు తిరిగాడు. “గాలిని నమ్ముకుంటే ఇంతే ప్రభూ.”

ఓబులమ్మ మొలలోంచి కత్తి తీసి రెండు చేతులతో బసవయ్య ముందు పెట్టింది. సుంకన్న తల పక్కకు తిప్పుకున్నాడు.

బసవయ్య డప్పు కొట్టాడు. “ఊరు నవ్విందా?”

ఎవరూ నవ్వలేదు. కామాచారి రెక్కల మొదళ్ళు తడుముతున్నాడు. “గట్టిగానే ఉన్నాయి” అంటున్నాడు. మౌనేశు ఇరుసు మీద అరచెయ్యి పెట్టి, “చల్లగా ఉంది” అంటున్నాడు.

బసవయ్య రెండోసారి కొట్టాడు. “ఊరు నవ్విందా?”

“ఉండవయ్యా బసవయ్యా, నీ డప్పు గోలలో మాట వినపడి చావడం లేదు” అంది బిందెల వరసలోంచి అక్కమ్మ అనే ముసలావిడ. ఆమె ఓబులమ్మ వైపు తిరిగింది. “ఏమ్మా, పొద్దున అంత నీరు పొంగి ఏట్లో పోయిందే. ఒక్కరైనా పట్టుకున్నారా? మా వీధికి మూడు రోజులకోసారి నీళ్ళు వస్తాయి. వచ్చినప్పుడు బిందెలూ బానలూ గిన్నెలూ అన్నీ నింపి పెట్టుకుంటాం. గాలి కూడా అంతే కదా, ఎప్పుడొస్తే అప్పుడు నింపుకోవాలి. నీ చక్రం ఓడలేదు. మన తొట్టి చిన్నది.”

“కోటకు రాయి తీసిన గుంత ఉంది కదా, గుట్ట మీదే. చెరువంత ఉంటుంది” అన్నారెవరో.

“దాని అడుగు బీటలు వారి ఉంది.”

“బీటలు పూడ్చలేమా? సున్నం లేదా, చేతులు లేవా?”

మాట మీద మాట పెరిగింది. ఒకరు కొలతలు చెప్పారు. ఒకరు కాదన్నారు. ఎవరి చక్రం అది? ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. రెక్కల మీద వడ్రంగి వేళ్ళున్నాయి, అంచుల్లో నేతగాడి నూలుంది, ఇరుసులో కమ్మరి ఇనుముంది, చూసి చెప్పిన కళ్ళు ఊరందరివీ. తన చేతి పని మీద తానే ఎవరు నవ్వుతారు?

బసవయ్య మూడోసారి కొట్టాడు. “ఊరు నవ్విందా?”

ఒకే ఒక నవ్వు వినిపించింది. అది శరభయ్యది. నవ్వు నవ్వుగా మొదలై, దగ్గుగా మారి, ఆగలేదు. కళ్ళ నీళ్ళు తిరిగాయి. సుంకన్న వెళ్ళి, గొలుసుకు వేలాడుతున్న బానలోంచి చెంబెడు నీళ్ళు ముంచి ఇచ్చాడు. శరభయ్య తాగాడు. చెంబు లోపలికి చూశాడు. అడుగున మసి లేదు.

బసవయ్య డప్పు భుజానికి తగిలించుకున్నాడు. “ఒక్కడు నవ్వితే ఊరు నవ్వినట్టు కాదు” అని, కత్తి తీసి ఓబులమ్మ చేతిలో పెట్టాడు.

వానలు మొదలయ్యేలోగా ఊరు రాయిగుంత బీటలు పూడ్చి చెరువు చేసుకుంది. అదీ ఒక్కసారికి కాలేదు. మొదటి పూత కారింది. ఎక్కడ కారిందో అందరూ చూశారు, రెండోది నిలిచింది. నగుబాటు మండపంలోని చక్రాలను ఎవరూ కిందికి దించలేదు. వాటి కింద కొత్త పలకలు పెట్టారు. ‘ఇది ఇక్కడ విరిగింది, ఇందువల్ల విరిగింది.’ పని నేర్చుకునే వాళ్ళంతా ముందు అక్కడికే వెళ్ళేవారు.

మరో చక్రం లేచింది. ఆపై మరొకటి. మహాకొలిమిలో ఒక పొయ్యి ఆరింది, రెండో పొయ్యి ఆరింది. సుంకన్న పార వదిలి ఆముదం కుండ పట్టుకున్నాడు. ఇరుసులకు నూనె పోయడం ఇప్పుడు అతని పని. దగ్గు పూర్తిగా పోలేదు. కానీ మూడో వానాకాలం చూశాడు. తడిసి మరీ చూశాడు.

మూడో పొయ్యి మాత్రం ఇంకా మండుతూనే ఉంది. అది రాజకోటకు నీళ్ళిచ్చే పొయ్యి. దాని జోలికి ఎవరూ వెళ్ళలేదు.

ఒకనాడు రాజు ఓబులమ్మను పిలిపించాడు. “నాకు సిగ్గుగా ఉందమ్మా. కొత్త రాయి తెప్పించి మళ్ళీ మాట చెక్కిస్తాను.”

“రాయి వద్దు మహారాజా. మూడో పొయ్యి ఏ రోజు ఆరుతుందో చెప్పండి చాలు.”

రాజు కిటికీలోంచి బయటికి చూశాడు. “ఆ రోజుకి కాకపోతే?”

“కాకపోతే విరిగిన ముక్కలు పట్టుకుని మా మధ్యకు రండి. ఎక్కడ విరిగిందో అందరం చూద్దాం. మేము నవ్వం. కానీ తలుపు గడియ పెట్టుకుని కూర్చుంటే మాత్రం ఊరుకోం.”

“ఆలోచించి చెబుతాను” అన్నాడు రాజు.

ఓబులమ్మ కోటగుమ్మం దాటి వచ్చి ఆ పాత తెల్లరాయి ముందు ఆగింది. జనం గుమిగూడారు. మండపంలో చాలాకాలంగా ఎవరి ముఖానా పూయని మసి ఒక బుట్టెడు మిగిలి ఉంది. బసవయ్య దాన్ని తెచ్చి ఆముదంలో కలిపాడు. రాజు మాటను కప్పేసిన పాత మసిని సుంకన్న తడిగుడ్డతో తుడిచాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ మాట మళ్ళీ కనిపించింది. దాని కింద ఓబులమ్మ వెదురుపుల్లతో, అందరూ చదివేంత పెద్దగా రాసింది.

అప్పుడే గుమ్మం మీద ఒక కొంగ వాలింది. దాని రెక్కల్లో సగం నలుపు, సగం తెలుపు. పక్కనున్న కాకి దాన్ని ఎగాదిగా చూసి, “నువ్వు మా చుట్టానివి కాదా ఏంటి?” అంది.

“కాదేమో. ఇంకా తేలాలి” అంది కొంగ.

పిల్లలూ, ఓడిపోవడం తప్పు కాదు. ఓటమికి భయపడి మాటను రాతికి అప్పగించి, మనుషులను పొగకు వదిలేయడమే తప్పు. అందరి కళ్ళ ముందు విరిగినదాన్ని అందరూ కలిసి కట్టగలరు, దాచిపెట్టినదాన్ని ఎవరూ కట్టలేరు. మీ ఊరి గుమ్మం పక్కన కూడా ఇలాంటి రాయి ఉంటే, ఓబులమ్మ రాసిన ఆ రెండు వరసలే రాయండి: మూడో పొయ్యి ఎప్పుడు ఆరుతుంది? జవాబుకు గడువు, రాబోయే మాఘ పున్నమి, పొద్దు గుంకేలోగా.